కిలో రాయి

వేకువ ప్రార్థనకి గంట కొట్టకముందే
పోర్టు దుమ్ము వచ్చి కిటికీ మీద కూర్చుంటుంది,
బొగ్గు ఓడ వచ్చిన రోజు నల్లగా
ఖనిజం లోడయిన రోజు ఎర్రగా.
తెల్లచీరతో ముప్పై ఒక్క ఏళ్లు వన్‌టౌన్‌లో ఉన్నదాన్ని,
శుభ్రత మీద నాకు పెద్ద భ్రమల్లేవు.

ఆ వారం ధ్యానానికి వచ్చిన వాక్యం
తక్కువ తూచే త్రాసు మీద దేవుడి కోపం గురించి.
ఒంటెల కాలం నాటి సంగతి కదా అనుకున్నాను.
మోకాళ్ల మీదే కాసేపు తూగాను కూడా.

హార్బర్‌లో రొయ్యల షెడ్డు.
నూకాలు వేళ్లు చూపించింది.
ఐసులో నాని నాని తెల్లబడ్డాయి,
ముల్లు దిగినా నెత్తురు రాదు.
"కేజీ వొలిస్తే ఇంత అంతారు.
కేజీ అంటే ఏటో ఆడి కాటాకే ఎరిక, సిస్టరమ్మా."
తలెత్తకుండానే అంది,
ఈలోగా నాలుగు రొయ్యలు వొలిచేసింది.

కురుపాం మార్కెట్లో ఇనుప రాయి కొన్నాను,
ముద్ర ఉన్నది చూసి మరీ.
"మఠంలో కొట్టు పెడతన్నారేటండీ?" అన్నాడు కొట్టతను.
సంచిలో జపమాల పక్కన వేసుకుంటే
దారంతా రెండూ ఒకదాన్నొకటి రాసుకున్నాయి.
కిలో ఇంత బరువుంటుందని
పిల్లలకి లెక్కలు చెప్పిన ఇన్నేళ్లలో
నా భుజానికి తెలీదు.

కాటా మీద పెట్టాను.
ఎర్ర అంకెలు వణికి వణికి
ఎనిమిది వందల డెబ్బై దగ్గర నిలబడ్డాయి.
అరవై మంది ఆడవాళ్ల చేతులు ఆగాయి.
ఐసు కరిగి కాలువలోకి జారే చప్పుడు.
కేజీకి నూట ముప్పై గ్రాములు.
రోజుకి, నెలకి, ఏటికి...
అక్కడే ఆపేశాను, గుణించడానికి భయమేసి.

సూపర్‌వైజర్ సిరిల్ అరవలేదు.
ఆదివారం మూడో బల్లలో కూర్చుని
అందరికన్నా ముందు కీర్తన ఎత్తుకునే మనిషి.
మర్నాడే కాటా మార్చాడు.
మూడో రోజు నూకాల్నీ, దండమ్మనీ,
నోరే విప్పని ఆ పిల్ల బంగారినీ మార్చాడు.

మదర్ నన్ను పిలిచి టీ ఇచ్చారు.
మన పిలుపు బడి, ఆసుపత్రి, ప్రార్థన అన్నారు.
కాదనలేదు. టీలో పంచదార ఎక్కువైంది.
లేబర్ ఆఫీసు వరండాలో నాలుగు మంగళవారాలు
ఫైలు ఇంకో బల్ల మీద ఉందని విన్నాను.
బీదలు ధన్యులని పిల్లల చేత వల్లె వేయించిన నోరు
బంగారి గుమ్మం ముందు ఎండిపోయింది.

నూకాలే నవ్వింది.
"ఏటలా మొకం ఏలాడేసుకున్నావు?
మంచి పనే సేసావు.
ఈ రాయి ఇరవై ఏళ్ల కిందట తెచ్చుంటే
ఇంకా బావుణ్ను."

ఆ మాట నిందలా అనలేదు.
అందుకే నాతో మఠం దాకా నడిచొచ్చింది.
పాప సంకీర్తనంలో దాన్ని ఏ పేరుతో చెప్పుకోవాలో తెలీలేదు.
చేసిన తప్పులకి పేర్లున్నాయి.
ముప్పై ఒక్క ఏళ్లు పక్కనే ఉండి
తూచకపోవడానికి ఏం పేరు?

రాయిని తనే అడిగి తీసుకుంది.
ఇప్పుడు గంపలో కానాగంతల పక్కన పెట్టుకుని
వీధి వీధీ తిరుగుతోంది.
బేరగాళ్లు సందేహిస్తే
"మఠం రాయి, బాబూ" అంటుందట.
నేనెన్నడూ చెప్పనంత నమ్మకంగా.

మొన్న ఆదివారం పూజలో
ఒకరికొకరు సమాధానం తెలుపుకోమన్నారు గురువు.
మూడో బల్లలోంచి సిరిల్ నావైపు తిరిగి
చేతులు జోడించాడు.
నేనూ జోడించాను,
భుజం మీద ఇంకా సంచి వార గుర్తు.

సమాధానం అన్నాడు.
సమాధానం అన్నాను.
ఇద్దరం ఎదురు చూస్తున్నట్టు
ఒక్క క్షణం అలాగే నిలబడ్డాం.