పదకొండో లెక్కింపు

లోర్కన్ డివిలీ గెలిచింది
తనను మొదట కోరుకున్నవాళ్ల వల్ల కాదు.
రెండోవాడిగా, నాలుగోవాడిగా,
ఒకరెవరో తొమ్మిదోవాడిగా
పెన్సిలుతో అంకె వేసిన పుణ్యాన.
ఓడినవాళ్ల ఓట్లు కట్టలు కట్టలుగా
ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి నడిచొచ్చి
తెల్లారగట్ల నాలుగింటికి
అరవై ఒక్క ఓటు తేడాతో అతణ్ని గట్టెక్కించాయి.

స్కూలు జిమ్ములో, బాస్కెట్‌బాల్ బుట్ట కింద,
అన్న సూటు తొడుక్కున్న ఇరవై ఆరేళ్లవాణ్ని
భుజాలకెత్తుకున్నారు.
నా కళ్లకు అందింది అతని బూట్లే.
మడమల దగ్గర పీట్ బురద ఇంకా పచ్చిగానే ఉంది.

ఆపైన ఏడు నెలలు
క్లూన్‌బ్రాక్ ఆఫీసులో ఫోనెత్తింది నేను.
రోడ్డు గుంతలు. వెలగని దీపాలు. చెమ్మ గోడలు.
"మా ఆయన పోయి ఏడాదైంది,
పింఛను ఉత్తరం ఇంకా ఆయన పేరునే వస్తోందమ్మా,
బాగానే ఉంది, రానివ్వండి" అని మిసెస్ కీవనీ.
వారానికి మూడు చావులు.
ప్రతి చావింటా ఒక హామ్ శాండ్‌విచ్,
మీ తాత నాకు తెలుసంటూ వదలని ఒక ముసలి చెయ్యి.

డాయిల్‌లో అతను మాట్లాడింది ఒకే ఒక్కసారి.
రాత్రి పదకొండు దాటాక, నాలుగు నిమిషాలు,
ఖాళీ కుర్చీలతో,
తలొంచి ఫోను చూసుకుంటున్న ఒక మంత్రితో,
మా ఊరి నుంచి ఆస్పత్రికి బస్సు లేదని.
మధ్యలో గొంతు పట్టేసింది. నీళ్లు తాగాడు.
అచ్చయిన ప్రసంగంలో ఆ నీళ్లు లేవు.
నేను టీవీలో చూశాను. చెయ్యి వణికింది.

నవంబర్లో
మాకు సంబంధంలేని ఏదో పద్దు మీద
ప్రభుత్వం పడిపోయింది.
ఆంబోతులు కుమ్ముకుంటే లేగ కాలు విరిగింది.

చిత్రమేమిటంటే
ఈసారి అతణ్ని మొదట కోరుకున్నవాళ్లు ఎక్కువే.
నడిచి రావలసిన ఓట్లే దారి మార్చుకున్నాయి.
మళ్లీ పదకొండో లెక్కింపే.
నలభై మూడు తక్కువ.

వారంలోగా పోస్టర్లు దించాలని చట్టం.
వానలో నేను నిచ్చెన పట్టుకుంటే
స్తంభం స్తంభానికీ ఎక్కి
తన మొహాన్ని తనే విప్పి కిందికి అందించాడు.
వ్యాన్‌లో బోర్లా పేర్చాను, చూడలేక.

ఒకటి తగ్గింది.
డఫీవాళ్ల పశువుల కొట్టంలో దొరికింది,
పగిలిన కిటికీకి అడ్డంగా, మొహం లోపలివైపు.
తీసుకెళదామన్నాను.
"గాలి కొడుతుంది, ఉండనీ" అన్నాడు లోర్కన్.

నిన్నగాక మొన్న పుట్టిన దూడ ఒకటి
అతని ప్లాస్టిక్ చెంపను నాకుతోంది,
ఉప్పేమైనా తగులుతుందేమోనని.