చైను లాకు

కాశీనగర్ దాటేక ఎక్కడో రాలిపోయింది,
చిటికినేలి గోరంత ఇనప ముక్క.
దాని వెనకే చైను
గ్రీజు జడలా విడిపోయి రోడ్డు మీద పడింది.

మోపెడు మీద రెండు బస్తాల చింతపండు.
గునుపూరు ఇంకా నాలుగు మైళ్ళు.
తోసుకొచ్చేను.

మొదటి కొట్టువాడు ఒడియాలో నవ్వేడు.
రెండోవాడు "కొత్త చైను కొను, లాకు దాంతోనే వస్తాది" అన్నాడు,
గుండీ ఊడితే చొక్కా మార్చమన్నట్టు.
మూడో కొట్లో భాష చాల్లేదు నాకు.
ఇంతుంటాది, నొక్కితే పట్టుకుంటాది అని
వేళ్ళతో చెప్పేను.
చెవిపోగులమ్మే బండి చూపించేడు.

రైలు గేటు దగ్గర ఇసాకు గొమాంగో
పొడుం డబ్బా బోర్లించేడు గోనె మీద.
నట్లు, బేరింగు గుళ్ళు, ఒక తాళం చెవి,
ఎవరెవరి బళ్ళవో.
సైకిలు మీద పోతూ ఏరతాడట.
"పారేసుకున్నోళ్ళు వస్తారేటి?" అంటే
"నువ్వొచ్చేవు గదా" అన్నాడు.

దొరికింది.
బిగించే ముందు అడిగేడు:
"పాతదాని నోరు ఎటుంచేవు?"
ముందుకి.
"అదీ సంగతి. మూసిన కొస ముందుకుండాల."
రెండేళ్ళు తిరిగేనన్నమాట
ఈ రోడ్డంతా
నోరు తెరుచుకుని.

సాయంకాలం అదే దారి.
ఎక్కడ తళుక్కుమన్నా కాలు బ్రేకు మీదికి పోతోంది.
గాజు పెంకు. గుట్కా కాగితం.
వంశధార మలుపులో మట్టుకు
నిజంగానే ఒక నట్టు.
దిగేను.
నాది కాదు.
జేబులో వేసుకున్నాను.