వీపు తిప్పిన వాళ్ళు

ముప్పయ్యో నంబరు బస్సు ఆఖరి స్టాపులో
ఇంజను ఆపి ఏడు నిమిషాలు ఊరికే కూర్చుంటాను.
ఎదురద్దంలో
శాన్‌ఫ్రాన్సిస్కో పొగమంచు తలకి చుట్టుకుని
గుమ్మటం.

ప్రపంచపు సంతకని కట్టారు దీన్ని.
పదినెలల సంబరం.
కొయ్య, జనపనార, సున్నం,
పెళ్ళయ్యాక పీకేసే పందిరికి అంతకన్నా ఎందుకు?
పక్కవన్నీ పీకేశారు కూడా.
దీని దగ్గరికొచ్చేసరికి రేపన్నారు, ఎల్లుండన్నారు.
నీళ్ళ ఒడ్డుదాకా మోసుకొచ్చి
నిమజ్జనానికి చేతులు రాక
అక్కడే దించేసిన బొమ్మ.

వాన మాత్రం మొహమాటపడలేదు.
ఏటా కాస్త కాస్త కలిపేసుకుంది.
ముక్కులు రాలాయి. వేళ్ళు రాలాయి.
లోపల కొన్నాళ్ళు టెన్నిస్ ఆడారు,
యుద్ధమప్పుడు జీపులు పెట్టుకున్నారు.
అరవై నాలుగులో,
ఇక దీన్ని నిలబెట్టాల్సిందేనని
మొత్తం కూలగొట్టారు.

ఇదంతా చెప్పింది డెల్మో పాస్కినూచి.
బుధవారం బుధవారం ఎక్కుతాడు.
ఎనభై ఎనిమిదేళ్ళు, ముందు సీటు.
అప్పట్లో ఆయనది అచ్చులు తీసే పని.

స్తంభాల మీద పెద్ద పెద్ద పెట్టెలు,
వాటి మూలల్లో లోపలికి తలవాల్చి ఏడ్చే ఆడవాళ్ళు.
మనకి కనిపించేది వీపులే.
ఆ కన్నీళ్ళు తాగి పెరిగేలా
పెట్టెల్లో మొక్కలు పెడదామనుకున్నారట.
డబ్బు చాల్లేదట.
"ఖాళీ తొట్టిలోకి యాభై ఏళ్ళు ఏడ్చారు పాపం"
అని నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వాడు.

నిచ్చెనెక్కి తొంగిచూస్తే
ఒకామెకి ముఖమే లేదట.
అరిగిన సబ్బుబిళ్ళలా నున్నగా
సున్నం.
కిందికి కేకేసి అడిగితే మేస్త్రీ
"ఎవడు చూడొచ్చాడు, పోసెయ్" అన్నాడట.

"పోసేశారా?"

చేతికర్ర ముందు దిగింది.
తర్వాత ఒక కాలు.
తర్వాత చాలాసేపటికి రెండోది.
"నిచ్చెనుందా నీ దగ్గర?" అన్నాడు.

ఇదిగో, ఈ మూలన ఉన్నామే అయ్యుండాలని
నాకు నేనే అనుకున్నాను.
సిమెంటు వీపు.
భుజాలు కొంచెం పైకి లేచినట్టున్నాయి.
ఏడుపుకీ నవ్వుకీ
భుజాలు ఒకలాగే లేస్తాయి.

కింద, నీళ్ళ పక్కన
తెల్లగౌను మీద మొగుడి కోటు కప్పుకుని
ఓ పెళ్ళికూతురు
మంచు తొలిగితే ఫొటో దిగుదామని
వణుకుతూ నిలబడింది.

నాకింకా రెండు నిమిషాలుంది.
హీటరు వేసి
తలుపు తెరిచాను.