కాటా మనిషి

మా నాన్న రాసిన మిల్లు ఖాతాలో
పళ్ళాలు పేరు ఆటగాళ్ళ జాబితాలో లేదు.
ఊక, గోనెసంచులు, ఇంజను ఆయిలు దాటాక
కాటా మనుషుల వరసలో ఉంది:
"గుబ్బల పళ్ళాలు, నరసాపురం పందెం, మూడు రూపాయలు."

కాటా దగ్గర అతను ఒక్క పూటైనా నిలబడలేదు.
పొద్దున్నే తాడిచెట్లు గీసేవాడు,
సాయంత్రం మిల్లు వెనక, ధాన్యం ఆరబోసే కళ్ళంలో
బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాడు.
గెల గీసిన మణికట్టే బంతినీ కోసేది.
పసుప్పచ్చ ఉన్నిబంతి వల దాటి
ముంతలో చుక్కలా దిగిందంటే
ఇక లేచేది కాదు.

అతనికి ముందు ఆ కళ్ళంలో ఆడినవాళ్ళు
ప్లీడర్లు, కరణంగారబ్బాయి, సెలవులకొచ్చిన కాలేజీ కుర్రాళ్ళు.
తెల్ల బూట్లు. ఆటయ్యాక గోలీసోడా.
ఓడినా ఇంటి దగ్గర అన్నం ఉండేది.

రాజోలులో అవతలి కెప్టెను అడ్డం తిరిగాడు:
డబ్బు పుచ్చుకుని ఆడేవాడు ఆటగాడెలా అవుతాడు,
కూలోడు గానీ.
పళ్ళాలు బ్యాటు తీగల బిగి
గోటితో మీటి చూసుకుంటూ
"ఊరికే ఆడ్డానికి నాకు కొబ్బరితోట లేదు కదండీ" అన్నాడు.
ఆ ఆట ఇరవై తొమ్మిది, పదకొండు.

ఏడేళ్ళు.
బ్యాటు తువ్వాల్లో చుట్టుకుని పంటు మీద వశిష్ఠ దాటడం,
వట్టి కాళ్ళతో.
మా పాలకొల్లు మిల్లుకి నాలుగేళ్ళు,
తణుకు వాళ్ళకి రెండు,
ఆఖరికి మళ్ళీ మాకే.
మూడు ఆరయింది, ఆరు పన్నెండయింది.
పన్నెండు పలికిన రోజున వాళ్ళావిడ మంగాయమ్మ
"ఎడ్ల సంతలో కూడా ఇంత గబగబా పెరగదు" అందట.
నవ్వుతూ అందో లేదో నాన్న చెప్పలేదు.

ఆఖరి ఏడు నాకు తెలుసు.
బంతులేరే కుర్రాణ్ణి.
పుష్యమాసం, పెట్రోమాక్సు లైట్లు,
మంచుకి తడిసి బరువెక్కిన బంతి.
ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది.
బంతి ఎక్కడో పైన, పురుగుల మధ్య.
మొవ్వులో లొట్టి నిండిందో లేదో చూసేవాడిలా
కళ్ళు చికిలించి తలెత్తాడు.
ఊపాడు.
బ్యాటుకి గాలి తగిలింది.

ఎవరూ ఏమీ అనలేదు. బంతి తీసి ఇచ్చాను.
"తడిసిందిరా" అన్నాడు, నాకొక్కడికే వినపడేలా,
పిండి చూపించాడు.
నిజంగానే నీళ్ళు కారాయి.

మర్నాటి పేజీలో "పళ్ళాలు, సగం" అని ఉంది.
దాని కింద వేరే సిరాతో, "పుచ్చుకోలేదు."

తర్వాత అతని పేరు ఏ పందెం పక్కనా లేదు.
కానీ ఆ ఆరు రూపాయల్నీ
ప్రతి ఉగాదికీ కొత్త ఖాతాలోకి
నాన్న ఎత్తి రాసుకుంటూనే వచ్చాడు,
మిల్లు ఇంజను అమ్మేసిన ఏడు దాకా,
ఊకకీ గోనెసంచులకీ కింద,
కాటా మనుషుల వరసలో.