రెండు వేళ్ల తప్పు

వరంగల్ కోటలో పాత కొలువుకూటం.
గోడలు కింద మందం, పైకి పోనుపోను సన్నం,
కుస్తీకి దిగిన జెట్టీల్లా
లోపలికి వాలి ఉన్నాయి.
కమాను వెనక కమాను, దాని వెనక ఇంకోటి.
ఎవరినైనా పిలిస్తే ఆ పేరు
చివరి కమాను దాకా పోయి
కొంచెం పెద్దమనిషై తిరిగొస్తుంది.

టేపుకు ఒక కొన నాది,
రెండో కొన యాకూబ్ మేస్త్రిది.
నన్ను ఆఫీసు పంపింది.
ఆయన్ని గోడే పిలిచినట్టుంది.

బయట గానుగ తిరుగుతోంది.
సున్నం, ఇసుక, నానిన కరక్కాయ, బెల్లం నీళ్లు.
ఓదెవ్వ రెండు వేళ్ల నడుమ రుద్ది, పాకం చూసినట్టు,
"ఇంకా పండలె" అంటుంది.
ఈగలకు మాత్రం
అప్పుడే దర్బారు మొదలైంది.

లోపల మేస్త్రి వేలి కణుపుతో గోడను తట్టి
చెవి ఆనిస్తాడు.
టక్. టక్. టక్.
డుబ్.
"ఇక్కడ బోలు" అంటాడు,
పుచ్చకాయ బేరమాడే మనిషిలా.
నేను రాసుకుంటాను.

ఒకప్పుడు ఇక్కడ తివాచీలు పరిచి ఉంటారు.
అత్తరు చల్లి ఉంటారు.
నడిమి తొట్టిలో నీళ్లు
కప్పును చూసుకుంటూ ఉండి ఉంటాయి.
అన్నీ ఉంటారులే, ఉంటాయిలే.
నా రిజిస్టర్లో ఆ క్రియకు గడి లేదు.

మూడో కమాను దగ్గర మేస్త్రి ఆగాడు.
తూకపు గుండు వేలాడేశాడు.
ఒక కన్ను మూశాడు.
నిచ్చెన ఊగేంత నవ్వాడు.

"ఎడమ భుజం రెండు వేళ్లంత దిగింది సారూ.
కట్టినోనికి ఎరికే.
ఈడ గచ్చు ఎంత మందం బెట్టిండో సూడు.
మీద తీగ దీసి, పువ్వు దీసి,
సూసేటోని కండ్లు పువ్వు మీదికి గుంజిండు.
ఎదురుంగనే కూసుండి ఉంటడు ఏలేటాయన.
ఆయనకు పువ్వే కనవడ్డది."

ఎన్ని వందల ఏళ్ల కిందటి మాటో!
ఇప్పుడే తాపీ కడుక్కుని
పక్క సందులోకి జారుకున్నవాడి గురించి
చెప్పినట్టు చెప్పాడు.

"సరిచేద్దామా?" అన్నాను.
ఆయన చూసిన చూపుకు
నా కాళ్లకు చెప్పులున్నాయేమోనని చూసుకున్నాను.

గచ్చు అద్దాడు, మందం ఉన్నచోట మందంగానే.
రాలిన రేకను రేక జాగలోనే,
తప్పును తప్పంత మేరకే.

రిజిస్టర్లో మూడో కమాను ఎదుట
పెన్ను చాలాసేపు ఆనించి
'బాగున్నది' అని రాశాను.

మాపటేళ పడమటి ఎండ లోపలికొచ్చి
నేల మీద కమానులు పరిచింది.
మూడోది ఒక పక్కకు ఒరిగింది,
నిద్రమత్తు కావలివాడిలా.
ఓదెవ్వ సరిగ్గా దాని మీదే చతికిలబడి
పగలు తినని సద్ది గిన్నె మూత తీసింది.
"ఈడ జాగ జర ఎక్కువున్నది" అంది.