అడ్డగీత

పైడయ్య తూకం వేశాడు: రెండు కిలోల ఏడొందలు.
"ఇనుం రేటే కట్టినానమ్మా, పలాస్టిక్కుకి డబ్బులొద్దు"
అన్నాడు, సైకిల్ ట్యూబుల కిందనుంచి లాగి
పంచెతో దుమ్ము తుడుస్తూ.
మూతపడ్డ గోనె మిల్లు ఆఫీసు సామాను.
ఫ్యాన్లు ముందే పోయాయి, బల్లలూ పోయాయి,
ఎవరికీ అక్కర్లేక మిగిలింది ఈ కీబోర్డు.

విజయనగరంలో కోర్టు ఎదురు సందు నాది.
అఫిడవిట్లు, అద్దె ఒప్పందాలు, పేరు సవరణలు.
ఏడాదికి రెండు కీబోర్డులు తినేస్తాను.
పెరుగన్నంలో వేలు పెట్టినట్టు
మెత్తగా దిగుతాయి వాటి మీటలు,
దిగాయో లేదో చెప్పవు.
ఇది అలా కాదు.
నొక్కీ నొక్కగానే లోపలి స్ప్రింగు
నడుం విరుచుకుని టక్కుమంది.
పక్కనుంచి జిరాక్సు లోలాక్షి తొంగిచూసింది,
"ఏటే, గోడకి మేకులు కొడతన్నావా?"

అయితే తోక?
ఐదు పుల్లల గుండ్రటి తోక దీనిది.
నా కంప్యూటరుకి ఉన్నది సన్నటి చీలిక.
డాబాగార్డెన్స్ నుంచి నూట ఇరవై పెట్టి
మధ్యలో తగిలించే మూతి తెప్పించాను.
పట్టింది.
పలకలేదు.

తవుడొచ్చాడు.
పుట్టినోళ్ళు దక్కక, చేటెడు తవుడుకి అమ్మి
మళ్ళీ కొనుక్కున్న పిల్లాడు.
ఇప్పుడు చచ్చిన సెల్‌ఫోన్లకి ప్రాణం పోస్తాడు.
"మూతి కుదిరింది గాని మాట కుదర్నేదక్కా.
దీనికి సెప్పడమే గాని ఇనడం తెల్దు.
నీ కంప్యూటరేమో ముందు, నువ్వెవలివి? అంతాది.
ఇది పలకదు. అది ఊరుకుంతాది."

నాకు అర్థమైంది.
హైదరాబాదులో ఒక ఇంటర్వ్యూలో
"ఏటండి?" అన్నందుకు
బల్లకవతల ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.
నేను మాట్లాడిందీ తెలుగే.

బొటనవేలంత పచ్చ బోర్డు తెచ్చాడు తవుడు,
"దుబాసీ గోరు" అని పరిచయం చేశాడు.
నాలుగు తీగలు:
కరెంటు, నేల, మాట, మాటకి తాళం.
సీసం పొగ, కళ్ళమ్మట నీళ్ళు.
మొదటి రోజు ఏమీ లేదు.
రెండో రోజుకి తెలిసింది,
మాటనీ తాళాన్నీ తారుమారుగా అతికించామని.
మూడో రాత్రి, కరెంటు పోయి వచ్చాక,
క కొడితే జ పడింది.
జ అయినా పడింది!
తవుడు టీ గ్లాసు ఒలకబోసుకున్నాడు.
వైట్ పేపరు మీద గళ్ళు గీసి
ఎనభై మూడు మీటలకీ, పిల్లలకి పెట్టినట్టు,
ఒక్కో పేరు పెట్టుకుంటూ వచ్చాం.

తెల్లారి మీటల టోపీలు ఊడదీసి
సబ్బునీళ్ళలో కడిగి చాటలో ఆరబోశాను.
అప్పుడు చూశాను.
కుడి చివర, తీసివేత మీట
నున్నగా అరిగి, వేలికి సరిపడా గుంట పడి,
గీత జాడే లేదు.
దాని కిందే కూడిక మీట,
నిన్న షాపులోంచి తెచ్చినట్టుంది.
"జీతాల సెక్షనుది కావొచ్చు" అన్నాడు తవుడు.
ఇంకేమీ అనలేదు.

సోమవారం గొర్లె సూరప్పడొచ్చాడు,
పాలిథిన్ సంచిలో పీఎఫ్ కాగితాలు.
మిల్లులో ఇరవయ్యారేళ్ళు.
రావాల్సిన డబ్బుకి ఇది తొమ్మిదో అర్జీ.
నాలుగు లైన్లు కొట్టేసరికి
స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.
"ఈ సప్పుడు నాకు తెలుసును."
శనివారాలు జీతాల గది కిటికీ కింద నిలబడి
వినేవాళ్ళట అందరూ.
"తొరగా ఆగిందా, ఆ వారం కోతలు తక్కువ.
ఆగనేదనుకో,
సారా కొట్టు కాడికి ఎల్లకుండా
తిన్నగా ఇంటికెల్లిపోయీవోలం."

నేను చేతులు తీసేశాను.
పాత రబ్బరుది బల్ల కిందే ఉంది, మార్చనా అన్నాను.
"వొద్దమ్మా, కొట్టు.
ఈసారి నా వోటా రాస్తంది గదా."

ఖాతా నంబరు చదివి చెప్పాడు, కాగితం చూడకుండా.
అంకెల మధ్య ఒక అడ్డగీత ఉంది.
ఆ నున్నటి గుంటలో వేలు పెట్టాను.
టక్.
పాత స్ప్రింగు, అలవాటు పోలేదు,
గీత రెండుసార్లు పడింది.

ఒకటి చెరిపేశాను.