దొంగ మీద వెలుగు

అపోండి రావడం ఇది మూడోసారి.
బల్ల మీద ఫోన్ బోర్లా పెడుతుంది,
తిరగేస్తే ఎక్కడ పిలుస్తుందోనని.
"దీన్ని తీసుకో, మీటలదొకటి ఇవ్వు" అంటుంది.

కిసుములో జుబిలీ మార్కెట్ వెనక సందు,
అందులో నాది మూడడుగుల కొట్టు.
జనం నా దగ్గరికి పగిలినవి తెస్తారు.
పగలనిదాన్ని వదిలించుకోడానికి వచ్చింది ఈవిడొక్కతే.

గాజుపెట్టెలో మీటల ఫోన్లు పడుకుని ఉన్నాయి,
ఒక్కోదాని నెత్తిన చిన్న దీపం.
ములికా మ్విజీ అంటాం మేం వాటిని,
దొంగ మీద వెలుగు వెయ్యమని.
పన్నెండు వందల షిల్లింగులు.
ఒకసారి చార్జి పెడితే వారం దాకా నోరెత్తదు.

మొదటిసారి వచ్చినప్పుడు "ఇంతకీ దొంగెవరు?" అన్నాను,
నవ్వుతుందేమోనని.
నవ్వలేదు.
తను అమ్మేది ఒమెనా, వేలెడైనా ఉండని వెండి చేప.
చందమామ లేని రాత్రుల్లో
సరస్సు మీద పడవలు దీపాలు పెట్టి దానికి ఆశ చూపిస్తాయి.
వెలుగనుకుని పైకొస్తుంది. పైనుండేది వల.
"దుప్పట్లో నేనూ అంతే, రెండింటి దాకా" అంది.
"నాలుగింటికి పడవలొచ్చాయి. నేను ఐదున్నరకి పోయాను.
నా బకెట్లు న్యాసునా ఎత్తుకుపోయింది."

అంతసేపు ఏం చూస్తావన్నాను రెండోసారి.
చెప్పడానికి కాస్త సిగ్గుపడింది.
ఎక్కడో నీళ్ళు గట్టిపడే దేశమట.
సరస్సు మీద మనుషులు నడిచిపోయి,
బర్మాతో గుండ్రంగా చిల్లు పొడిచి,
పీట వేసుకుని
పొద్దస్తమానం కూచుంటారట, ఒక్క చేప కోసం.
"ఒక్కటి! దాన్నీ ముద్దెట్టుకుని మళ్ళీ నీళ్ళల్లోనే వదిలేస్తారు!"
పడీ పడీ నవ్వింది. పక్క కొట్టువాడు తొంగి చూశాడు.
మీటల ఫోన్లో ఆ దేశం ఉండదు, అన్నాను.
"తెలుసు" అంది, నవ్వు తుడుచుకుని.
ఆ రోజు ఫోన్ తీసుకుని వెళ్ళిపోయింది.

ఈసారి లెక్కలన్నీ వేసుకునే వచ్చింది.
"పడవల కబురు ఓగోలా గ్రూపులో పెడతాడు.
ఫోన్ చేసి చెప్పమంటే సరేనన్నాడు,
వాడి సరే సంగతి నీకు తెలియంది కాదు.
డబ్బులు పంపడం, అందుకోవడం దీంట్లోనూ ఐపోతాయి.
కకమెగా బేరగాళ్ళకి సరుకు ఫొటో కావాలట,
వచ్చి చేత్తో పట్టి చూసుకోమంటాను."

నాకు చెప్పక తప్పలేదు.
నీది వాయిదాల ఫోను, రోజుకి యాభై.
పొద్దుగూకేలోగా కట్టకపోతే
దానంతటదే గొళ్ళెం పెట్టుకుంటుంది.
అప్పు తీరనిదాన్ని నేను కొనకూడదు.
ఇంకా ఎన్నాళ్ళుంది?
"ఎనభై మూడు రోజులు. నాలుగు వేల నూట యాభై" అంది,
నేను కాలిక్యులేటర్ వెతికేలోపే.
కాసేపు ఫోన్ వీపు నిమిరింది.
"కట్టకపోతే గొళ్ళెం దానికి. కడితే నాకు."

వారం రోజులు అరువు, అని ఒప్పందం.
తనకి మీటలది. నా సొరుగులో ఇది.
"నేనడిగినా ఇవ్వకు" అంది, మెట్టు దిగి.
గట్టిగా అడిగితే?
"అప్పుడు చూద్దాంలే."

నిన్న సాయంత్రం ఆరింటికి
సొరుగులో స్క్రూల మధ్య అది వెలిగింది.
ఈరోజు చెల్లింపు ఇంకా అందలేదండీ, అని ఎంత మర్యాదో.
పావుగంటకి మళ్ళీ. ఇంకో పావుగంటకి.
చివరికి నల్లబడి, ఒక్క తాళం బొమ్మ మిగిలింది.
మీటల ఫోన్నుంచీ ఆ యాభై కట్టొచ్చు.
మరిచిపోయిందో, మానేసిందో.

రాత్రి పడుకున్నాక
ఒక్కసారి చూసి ఆపేద్దామని
నా ఫోన్లో ఆ దేశం వెతికాను.
ఎర్రటోపీ పెట్టుకున్న ముసలాయన చిల్లు పొడిచి కూచున్నాడు.
గేలం కదిలినట్టే ఉంటుంది, కదలదు.
ఆయన తర్వాత ఇంకొకాయన.
ఇంకొకాయన.
కొట్టు తియ్యాల్సిన మనిషిని, మూడున్నరకి
నిద్ర రాక డుంగా ఒడ్డుకి నడిచాను.

పడవలు అప్పుడే ఆనుకుంటున్నాయి.
అపోండి ముందు వరసలో ఉంది,
రెండు చేతులూ బకెట్లో,
మీటల ఫోన్ పళ్ళ మధ్య పట్టుకుని.
ఆ కాస్త వెలుగులో చేపలు చిల్లర డబ్బుల్లా మెరుస్తున్నాయి.
డబ్బాతో కొలుస్తోంది, ఒకటి, రెండు,
నా అడుగుల చప్పుడికి తలెత్తింది.

వెలుగు తిన్నగా నా మొహం మీద పడింది.
తర్వాత నా చేతి మీద,
చేతిలో ఇంకా ఆరని ఫోన్ మీద.

ఏదో అంది.
నోట్లో అది ఉండగా
ఏమందో నాకు తెలీలేదు.